చుట్టాల గది

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పాపను చంకనేసుకుని, ఎక్కడికి పోవాలో తెలియక, గుమ్మం బయట నిలబడాల్సి రావడం. దొంగల భయం, దయ్యాల భయం దాని ముందు ఏపాటివి! ఆ భయంతోనే తింటాను, ఆ భయంతోనే పడుకుంటాను. నేను నోరు జారినా, నోరు మూసుకున్నా దాని వల్లే.

మేముండే ఫ్లాటు మాది కాదు, మా వదినది. అంటే మా ఆయన అక్కది. ఆయన లారీ ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వంటింటి పక్కనున్న చిన్న గదిలో నేనూ పాపా ఉంటాం. ముందువైపు, విడిగా తలుపున్న పెద్ద గదిని వదిన రోజువారీ అద్దెకిస్తుంది. ఫోన్లో ఫొటోలు చూసి వస్తారు, రెండు మూడు రోజులుంటారు, పోతారు. వాళ్ళు పోగానే దుప్పట్లు మార్చడం, స్నానాల గది కడిగి జాలీలో వెంట్రుకలు ఏరడం, నంబరు తిప్పితే తెరుచుకునే తాళంచెవి డబ్బాకు ఆ నంబరు మార్చడం, మంచమూ కుర్చీలూ ఫొటోలో ఉన్నట్టే సర్దడం నా పని. అందుకు బదులుగా మాకా చిన్న గది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ బిల్డింగులో అలా అద్దెకివ్వకూడదు. కమిటీ ఒప్పుకోదు. చుట్టాలైతే మాత్రం ఎవరొచ్చినా అడగరు. అందుకని వదిన మొదటి రోజే నాకు చెప్పిపెట్టింది.

"ఎవరడిగినా మా చుట్టాలని చెప్పు. వయసు చూసి వరస పెట్టెయ్. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు, దొరికిపోతాం."

తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినదాన్ని, నాకు ఏ చదువూ వంటబట్టలేదు గానీ వరసలు పెట్టడం మాత్రం ఇట్టే వచ్చేసింది. కొత్త జంటయితే అన్నయ్యా వదినా. బట్టతల ఉంటే బాబాయి. కర్ర పట్టుకుని వస్తే తాతయ్య. మా వాచ్‌మన్‌కి సంగతంతా తెలుసు.

"ఏమ్మా, నీకు వారానికో మేనమామ పుట్టుకొస్తున్నాడే! మీ తాతగారు సామాన్యుడు కాదు" అనేవాడు.

నవ్వొచ్చేది. ఆ వెనకే ఎవరైనా విన్నారేమోనని మెట్ల వైపు చూసేదాన్ని.

ఆ గదికి వచ్చిన ఒకావిడకూ అలాగే వరస పెట్టాను. పెద్దమ్మ అని.

వాళ్ళాయన్ని దగ్గరలోని పెద్దాసుపత్రిలో చేర్చి, ఒక్క సూట్‌కేసుతో నాలుగు రోజులకని వచ్చింది. ఆ నాలుగూ అయ్యాక వారం పొడిగించింది. తరవాత ఇంకో వారం. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు విప్పితే మెట్ల కింద దాకా వినబడేది. కిటికీ మీద వాలిన పావురాలను "లోపలికి జరగాలి, లోపలికి" అని అదిలించేది. మా పాప గుమ్మంలోకి పాకితే "టికెట్ తీశావా?" అని చెయ్యి చాచేది. పాప నేల మీద దొరికిన కాగితం ముక్క ఏదో ఒకటి ఆ చేతిలో పెట్టేది. ఆ పెట్టేటప్పటి దాని ముఖం చూడాలి, ఎంత బాధ్యతో!

ఆ గది నాలుగు రోజులుండే వాళ్ళ కోసం చేసినది. బట్టలు తగిలించడానికి రెండే హ్యాంగర్లు. పొయ్యి లేదు, నీళ్ళు కాచే కెటిల్ మాత్రం ఉంది. ఆవిడ చీరలు కుర్చీ వీపుల మీద ఆరేవి. వెలుతురు కోసమని మంచాన్ని కిటికీ పక్కకు లాక్కుంది. వదిన ఒకసారి వచ్చి చూసి మండిపడింది.

"ఫొటోలో మంచం గోడ పక్కన ఉంది."

"ఫొటోలో నేను కూడా లేనుగా. నన్నూ పక్కకు జరిపెయ్" అంది పెద్దమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తొందరగా వచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా నా గది గడప మీద కూలబడింది.

"అయిపోయింది పిల్లా" అంది.

వాళ్ళాయన కర్మలన్నీ అయ్యాక వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మళ్ళీ ఓ వారం పొడిగించింది. అడగలేక అడిగాను.

"ఎక్కడికి పోను? ఉన్న అద్దిల్లు ఆయన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడే ఖాళీ చేశాం. పిల్లలా, లేరు. ఏ తలుపుకెళ్ళి ఏ తాళం తియ్యను?"

ఆవిడకు షుగరు. ఎక్కువవడం సంగతి అలా ఉంచితే, తెల్లారేసరికి ఒక్కోసారి షుగరు బాగా తగ్గిపోయేది. ఒకరోజు పొద్దున ఎంత కొట్టినా తలుపు తీయలేదు. నా దగ్గరున్న తాళంచెవితో తీసి చూస్తే మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. నన్ను గుర్తుపట్టలేదు. నీళ్ళలో చక్కెర కలిపి, గడ్డం పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించాను. తేరుకున్నాక "ఎంతసేపట్నుంచి ఆగి ఉంది బండి?" అని అడిగింది. ఆ రోజు నుంచి లేవగానే నేను చేసే మొదటి పని ఆవిడ తలుపు కొట్టడం. లోపల్నుంచి "రైట్ రైట్!" అని వినబడితే, అప్పుడు వెళ్ళి పాప పాలు కాచేదాన్ని.

ఒకరోజు ఉదయం పూటే కమిటీ సెక్రటరీ వచ్చాడు. నా చంకలో పాప, భుజం మీద తడి దుప్పటి.

"ఆ ముందు గదిలో ఆవిడెవరమ్మా? చాలా రోజులుగా కనబడుతున్నారు."

"మా పెద్దమ్మండీ."

"ఏ వైపు పెద్దమ్మ?"

నాకు ప్రశ్న తలకెక్కలేదు.

"అదేనమ్మా, మీ అమ్మకు అక్కా? లేక మీ పెదనాన్న భార్యా?"

ఇన్నాళ్ళూ పెద్దమ్మా పెద్దమ్మా అని పిలుచుకున్నాం. ఎటువైపో ఒక్కసారీ అనుకోలేదు. అమ్మ వైపంటే అమ్మ గురించి అడుగుతాడు. మా అమ్మ లేదు. ఆ మాటెత్తాక ఇక అబద్ధం నడపలేను.

"పెదనాన్న భార్యండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇందాక కింద రొట్టెల కొట్టు దగ్గర కలిశారు. ఈ పిల్ల మా చెల్లెలి కూతురని చెప్పారే!"

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. చేతిలో రొట్టె పొట్లంతో పెద్దమ్మ. ఆయన అటు తిరిగి, "మీరు పెదనాన్న భార్య అంటోందే ఈ అమ్మాయి" అన్నాడు. నా ముఖం, ఆయన ముఖం ఒక్క చూపుతో చదివేసింది. టికెట్ లేనివాళ్ళను పట్టుకున్న కళ్ళు కదా.

"రెండూ నిజమే బాబూ. అక్కాచెల్లెళ్ళం ఒకే ఇంటి అన్నదమ్ముల్ని చేసుకున్నాం. ఎటు చూసినా నేను పెద్దమ్మనే" అంది.

నాకు ఊపిరొచ్చింది. సెక్రటరీ కూడా తల గోక్కున్నాడు. వెళ్ళడానికి అటు తిరిగాడు కూడా. తిరిగినవాడు ఏమనుకున్నాడో, మాటవరసకన్నట్టు అడిగాడు.

"అయితే పెదనాన్నగారు ఎక్కడున్నారు?"

"ఊళ్ళో ఉన్నారండీ" అన్నాను నేను.

"పోయారు" అంది ఆవిడ.

రెండు మాటలూ ఒక్కసారే పడ్డాయి. నాకు నిజంగానే ఒక పెదనాన్న ఉన్నాడు, భయంలో నోట్లోంచి ఆయన ఊడిపడ్డాడు. ఆవిడకు మాత్రం అబద్ధానికి అంత చప్పున ఇంకో మొగుడు దొరకలేదు.

"ఊళ్ళో ఉన్నారా, పోయారా?" అన్నాడు సెక్రటరీ.

మా జవాబు కోసం చూడకుండానే ఫోన్ తీస్తూ లిఫ్టెక్కాడు.

అరగంటలో వదిన ఫోను.

"సాయంత్రంలోగా ఆవిడ గది ఖాళీ చెయ్యాలి. లేదంటే ఫ్లాటుకే తాళం వేస్తామంటున్నారు."

"షుగరు మనిషి వదినా, ఒక్కర్తే..."

"మనమేమైనా ఆసుపత్రి నడుపుతున్నామా? చుట్టపుచూపుగా వచ్చిన మనిషి తిష్ట వేసుక్కూర్చుంటే ఊరుకోవడం నాదీ తప్పే. నువ్వు చెప్పలేకపోతే ఆవిడతో పాటు నువ్వూ సర్దుకో."

ఇంకేం మాట్లాడను? సరే వదినా అన్నాను.

చెబుదామని వెళ్ళేసరికి పెద్దమ్మ చీరలు మడత పెడుతోంది. నన్ను చూడకుండానే అంది.

"అమ్మ వైపని ఉండొచ్చుగా. నేనైతే ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటున్నాను."

"నేను ఏ వైపూ అనుకోలేదు పెద్దమ్మా" అన్నాను.

నిజమే చెప్పాను. కానీ ఆ మాటకు ఆవిడ చేతులు మడతపెడుతున్న చీర మీద ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

"వంతెన దిగాక ఇలాంటి గదులే ఉన్నాయట. ఫోన్లో చూశా. అక్కడెవరూ ఎవరికీ చుట్టం కానక్కర్లేదు" అని నవ్వింది.

సూట్‌కేసు నేనే లిఫ్టు దాకా మోశాను. పాప కాగితం ముక్క కోసం నేలంతా వెతికింది. అది దొరికేలోగా లిఫ్టు దిగిపోయింది. నేను మంచాన్ని గోడ పక్కకు జరిపాను.

తరవాత రోజూ పొద్దున తలుపుకు బదులు ఫోన్ కొట్టేదాన్ని. "రైట్ రైట్" అనేది. గొంతు కాస్త తగ్గినట్టుండేది, ఫోన్లో అంతేలే అనుకునేదాన్ని. ఒకరోజు ఎత్తలేదు. మర్నాటికి ఫోన్ స్విచాఫ్. ఆ తరవాతా అంతే.

పాపనెత్తుకుని వెళ్ళాను. వంతెన పక్కనే, ఆవిడ ఫోన్లో చెప్పిన ఆకుపచ్చ రంగు బిల్డింగు. గది నంబరు అడగాలని నాకెప్పుడూ తోచలేదు. వాచ్‌మన్ లేడు. ప్రతి తలుపుకూ నంబర్లు నొక్కే తాళం. గదులు ఊడ్చే అమ్మాయి ఒకతి బకెట్‌తో ఎదురైంది. కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది, పొడుగు మనిషి, గొంతు పెద్దది అని గుర్తులు చెప్పాను.

"ఏ గదిలో ఎవరుంటారో మాకు తెలీదక్కా. ఖాళీ అయినవే మాకు చెప్తారు" అంది.

కింది అంతస్తులో తలుపులన్నీ కొట్టాను. కొన్ని తెరుచుకోలేదు. ఒకాయన తలుపు తీసి అరిచాడు. పాప గుక్కపట్టింది. ఇంతలో మేనేజరట, వచ్చి మమ్మల్ని బయటికి పంపించేశాడు. అక్కడితో ఆగక ఎవరి ద్వారానో ఆ సంగతి వదిన దాకా చేరింది. ఇంకోసారి అటు అడుగేస్తే ఇటు రానక్కర్లేదని చెప్పింది. పోలీసులకు చెబుదామా అంటే, వాళ్ళడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. మీకేమవుతారు?

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అటువైపు వెళ్ళేవాళ్ళుంటే, పై అంతస్తులు నేను చూడలేదు. పొద్దున పూటే వెళ్ళండి, ఆవిడకు తేడా చేసేది అప్పుడే. తలుపు గట్టిగా కొట్టండి. పలకకపోతే నిద్రపోతోందిలే అనుకుని వెనక్కి రాకండి. ఎవరినైనా పిలిచి తలుపు తీయించండి.