పెద్దాయన చెమట

మా ఊరికంటే ముందు కట్ట పుట్టింది. పెద్దాయన వాగుకు అడ్డంగా మట్టి పోయించి చెరువు నిలిపాడు. ఆ మట్టి మోసినవాళ్ళే కట్ట కింద ఇళ్ళు వేసుకున్నారు. చుట్టుపక్కల కట్టలన్నీ ఎప్పుడో ఒకప్పుడు తెగాయి. మాది తెగలేదు. అందుకే కట్ట కారుతోందనే మాట మా ఊళ్ళో ఎవరూ అనరు. అడుగున తడి కనిపిస్తే "పెద్దాయనకు చెమట పట్టింది" అంటాం. ఆ మాట అనేటప్పుడు పిల్లలు కూడా కాస్త ఛాతీ విరుచుకుంటారు.

కట్టకు నూరేళ్ళు నిండిన సభ నాటి ఉదయం, దానికి కాపలా ఉండే కట్టాయన కట్ట కిందనే ఉన్న తన పెరట్లో ఊటనీళ్ళు దోసిలి పట్టి చూశాడు. ఎప్పుడూ తేటగా ఉండేవి, ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు జారిపోయాక వేళ్ళ సందుల్లో కట్ట లోపలి మెత్తటి మట్టి మిగిలింది. ఇంట్లో కూతురు పచ్చి బాలింత.

కట్ట మీద నిలపబోయే పెద్దాయన రాతి విగ్రహంతో లారీ కట్ట మొదట్లో ఆగి ఉంది. ప్రెసిడెంటు దగ్గరుండి తాళ్ళు బిగించి కట్టిస్తున్నాడు.

"పెద్దాయనకు చెమట పట్టిందండి," అన్నాడు కట్టాయన.

"పట్టదా మరి! ఇన్నాళ్ళకు తన బొమ్మ తనే చూసుకుంటున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు.

"అది కాదండీ. ఎర్ర చెమట."

"అయితే రక్తమే అనుకో. మనకోసం రక్తం ధారపోశాడని మైకులో చెప్తాలే. బాగుంటుంది."

మళ్ళీ నవ్వులు. కట్టాయన తండ్రీ తాతా కాపలా కాసిన కట్ట అది.  చివరికి ఆయన నేలకేసి చూస్తూ అన్నాడు.

"కారుతోందండి."

తాళ్ళు పట్టుకున్నవాళ్ళు తలలు పక్కకు తిప్పుకున్నారు.

"ఇవాళ అనాల్సిన మాటేనా అది?" అన్నాడు ప్రెసిడెంటు మెల్లగా. "ఇంటికెళ్ళు. రేపు తూము తాళం ఇచ్చెయ్."

డ్రైవరు లారీ స్టార్ట్ చేశాడు.

"ఏమన్నారు?" అంది కట్టాయన భార్య, ఆయన ఇంటికి రాగానే గుమ్మంలోనే.

"తాళం ఇచ్చెయ్యమన్నారు."

"తాళం సంగతి తర్వాత. నీళ్ళు పొయ్యి దాకా వచ్చాయి."

కూతురినీ పసిగుడ్డునూ మంచంతో సహా ఎత్తుకుని ఇద్దరూ మిట్ట వైపు నడిచారు. కొత్త బట్టలు వేసుకున్న జనం ఎదురొస్తున్నారు.

"ఏంటి బావా," అన్నాడు దర్జీ తన అరుగు మీంచి, "ఊరంతా కట్టెక్కుతుంటే నువ్వు మంచమెత్తావు? పెద్దాయన మీద అలిగావా?"

 దర్జీ భార్య అరుగు మీదే తన కూతురికి తల దువ్వుతోంది. మంచం మోస్తున్న ఇద్దరికీ మోకాళ్ళ దాకా ఉన్న ఎర్ర బురద చూసింది. దువ్వెన జుట్టులోనే వదిలేసి లేచింది.

"ఏమండీ, మన పెద్దోడేడీ?"

"సభలో పాట పాడాలిగా. బడి పిల్లలంతా ఎప్పుడో కట్టెక్కారు."

కట్టాయన మంచం దించాడు.

"నడవగలవా అమ్మా?"

కూతురు బిడ్డను గుండెకు అదుముకుని, తల్లి భుజం పట్టుకుని లేచి నిలబడింది. ఆయన కట్ట వైపు పరుగు తీశాడు. లారీ చప్పుడు అప్పటికే కట్ట పైనుంచి వినిపిస్తోంది.