నెంబరు బిళ్ళల బొమ్మ

"బొమ్మలోవాళ్ళు సుఖంగా ఉన్నారని చెప్పు. అంతే," అన్నాడు సూరిబాబు.

డేరా అంతా వినబడేలా అరవడానికి వాడే రేకు గరాటాను కనకరాజు తుడుచుకుంటున్నాడు. టాకీలు వచ్చి మూడేళ్ళవుతున్నా ఏలూరులో నరసింహమూర్తి డేరాలో ఇంకా మూగ బొమ్మలే ఆడేవి. తెర పక్కన నిలబడి, ఇంగ్లీషు అక్షరాలు చదివి, కథ తెలుగులో చెప్పడం కనకరాజు ఉద్యోగం. అతనేం చెబితే అదే కథ.

ఈ సాయంత్రం ఆట మొత్తం కొల్లేరు చేపల గుత్తేదారు కొనేశాడు. లంకల్లోని జాలరులందరికీ ఉచితం. రేపు పొద్దున వాళ్ళంతా ఒక ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేసి, మెడలో నెంబరు బిళ్ళ కట్టుకోవాలి. బిళ్ళ లేనివాడు కొల్లేట్లో వల వెయ్యకూడదు. జంకుతున్న జనానికి ధైర్యం చెప్పడానికి గుత్తేదారు గుమాస్తా సూరిబాబు ఏరి తెప్పించిన బొమ్మ ఇది. రాబోయే కాలపు పట్నం. అక్కడ మనుషులకు పేర్లుండవు, మెడలో బిళ్ళల మీది నెంబర్లే.

"చూడ్డానికొచ్చిన జాలరులంతా మావాళ్ళేనండి," అన్నాడు కనకరాజు.

"అందుకే నువ్వు చెబితే నమ్ముతారు," అన్నాడు నరసింహమూర్తి. "తేడా వచ్చిందో, రేపట్నుంచి డేరా వైపు రాకు."

దీపం ఆరింది. తెర మీద ఆకాశాన్నంటే మేడలు లేచాయి.

"చూడండి, ఎంత శుభ్రమైన వీధులో!" అన్నాడు కనకరాజు గరాటాలోంచి.

"వలలెక్కడ ఆరేసుకుంటార్రా వీళ్ళు?" ఎవరో అన్నారు. డేరా ఘొల్లుమంది.

ఇంతలో తెర మీద ఒక ఆడమనిషి బిందెతో కుళాయి దగ్గరికి వచ్చింది. మెడలో బిళ్ళ లేదు. బంట్రోతు ఆమెను తోసేశాడు. అక్షరాలు పడ్డాయి: నెంబరు లేనివారికి నీళ్ళు లేవు.

కనకరాజు ఆ అక్షరాలు వదిలేసి చెప్పాడు: "ఆవిడ అన్నగారిని చూసి ఆనందంతో ఏడుస్తోంది."

"ఒరే కనకా!" ముందు వరసలోంచి మేనత్త మంగాయమ్మ కేకేసింది. "ఆనందమైతే బిందెందుకు లాక్కుంటున్నాడ్రా ఆడు?"

"సాయం పడుతున్నాడత్తా."

"నీ మొహం సాయం! తంతుంటే సాయమంటావేంట్రా?"

జనం పగలబడి నవ్వారు. కనకరాజుకు నవ్వు రాలేదు. తెర మీద ఆమె పిల్ల కుళాయి కింది తడి రాయిని నాకుతోంది.

అతను గరాటా ఎత్తాడు. "నేను అబద్ధం చెప్పాను. బిళ్ళ లేదని నీళ్ళివ్వలేదు. బిళ్ళ ఇచ్చినవాడే రేపు ఊడబీకొచ్చు. అప్పుడు ఎవరినడిగినా నీకు పేరు లేదు పొమ్మంటారు."

నవ్వు ఆగిపోయింది.

"ఆపండి! బొమ్మ ఆపండి!" సూరిబాబు అరిచాడు. తెర నల్లబడింది. ఆ చీకట్లోనే కనకరాజు మిగతా కథంతా గడగడా చెప్పేశాడు. దీపం వెలిగేసరికి నరసింహమూర్తి అతని చేతిలోంచి గరాటా లాక్కుంటున్నాడు.

మంగాయమ్మ లేచి వచ్చి మేనల్లుడి మోచెయ్యి పట్టుకుంది. "ఈ ఇంగిలీసు చదివావు కదా. రేపు వేలిముద్ర వెయ్యమంటున్న ఆ కాగితంలో ఏముందో అదీ చదివి పెడుదువుగాని, బండెక్కు."

బయట సూరిబాబు అప్పటికే సైకిలెక్కి కొల్లేటి దారిన తొక్కేస్తున్నాడు.

"ముందు మనం చేరాలత్తా," అన్నాడు కనకరాజు, బండి మీదికి దూకుతూ. "ఆటకు రాకుండా ఊళ్ళో మిగిలినవాళ్ళ చేత ఆయన ఈ రాత్రికే వేలిముద్రలు వేయించేస్తాడు."

బండివాడు ఎడ్ల తోకలు మెలిపెట్టాడు.