ఐదు నీళ్ల బియ్యం

ఐదో నీళ్లకు గానీ బియ్యం తేటపడలేదు. జానమ్మ గిన్నె వంచి చూసుకుంది. బాలింత తినే అన్నం మరి, మసక ఉండకూడదు. ఉడికాక గంజి చుక్క మిగలకుండా వార్చి, గడప అవతల బర్రె ముందు తొట్టిలో పోసింది. బర్రె మూతి ముంచి గటగటా తాగింది. దాని ఒళ్లు, చెప్పొద్దూ, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

నులకమంచం మీద కూతురు సుజాత, తలకు తువ్వాలు, చెవుల్లో దూది. ఒళ్లో రెండు నెలల పాప. కాన్పయిన నాటి నుంచీ పూటపూటకూ అదే పళ్లెం: తెల్లన్నం, ఎల్లిగడ్డ కారం.

"అమ్మా, ఇయ్యాల జర పప్పు పెట్టరాదే. కాళ్లు తిమ్మిర్లు ఎక్కుతున్నయ్."

"పప్పు తింటే నీ బిడ్డకు కడుపు నొస్తది. మూడు నెలలు ఓర్సుకో. నేను ఓర్సుకోలేదా?"

"ఓర్సుకుంటే ఏమొచ్చింది? అన్నలిద్దరు బతికిన్రా?"

జానమ్మ చేతిలో గరిటె ఆగింది. "బాలింతప్పుడు దొంగతనంగ పచ్చిపులుసు తాగిన. పెద్దోడప్పుడూ గంతే, సిన్నోడప్పుడూ గంతే. గా పాపమే తగిలింది. గందుకే నిన్ను గింత పైలంగ చూస్తున్న."

సుజాత పుట్టిన ఏడాది జానమ్మ పనిచేసే బియ్యం మిల్లు మూతపడింది. బియ్యం దొరక్క జొన్న గటకతోనే పథ్యం గడిచింది. ఆ పిల్ల బతికింది. ప్రార్థన ఫలించిందనే జానమ్మ ఇన్నాళ్లూ అనుకుంది.

మిర్యాలగూడ మిల్లులో పాలిష్ మిషన్ కింద తవుడు సంచులకెత్తడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే. రెప్పల మీద తవుడు, ముక్కులో తవుడు, కొంగు దులిపితే తవుడు. సాయంత్రానికి అదంతా లారీకెక్కి నూనె మిల్లుకు పోతుంది.

ఆవేళ కూడా ఇంటి బియ్యం మూట పట్టుకొచ్చి మిషన్ దగ్గర పెట్టింది. మిషన్ నడిపే బాల్యా నవ్వాడు.

"మల్లానా జానక్కా? పోయినపాలి మూడుసార్లు పట్టిన. ఇంకోపాలి పడితే సూదిల దారం లెక్క ఎక్కియ్యొచ్చు."

"నీ ఎకసెక్కాలు ఆపి పట్టు నాయనా. బాలింతకు."

బియ్యం తెల్లగా అటు జారింది. దాని మీది పొర వెచ్చగా వచ్చి జానమ్మ సంచిలోనే రాలింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల సుజాత. "అమ్మా, పాప పొద్దుగల సంది పాలు కక్కుతుంది. నోరు తెరిసి ఏడుస్తుందే... గొంతు వస్తలేదు."

సంచి మూతి చేజారి తవుడు కాళ్ల మీద ఒలికింది. అలా చప్పుడు లేకుండా తెరుచుకున్న నోరు జానమ్మ రెండుసార్లు చూసింది. రెండుసార్లూ తెల్లారే లోపే అంతా అయిపోయింది.

ఆటోలో దవాఖానకు చేరేసరికి పాప చేతులు చల్లబడ్డాయి, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టర్ జ్యోత్స్న గుండె చూస్తూ అడిగింది. "తల్లి ఏం తింటుంది?"

జానమ్మ చెప్పింది. కొంచెం గొప్పగానే చెప్పింది. మూడుసార్లు పట్టిన బియ్యం, ఐదు నీళ్లు, గంజి వార్చడం.

డాక్టరమ్మ వెంటనే మందు తెప్పించింది. పాప తొడకు సూది వేసింది, సుజాతకూ వేసింది. ఆ తర్వాతే మాట్లాడింది. "బియ్యం పైపొరలో బి వన్ అని విటమిన్ ఉంటుందమ్మా. పట్టగా మిగిలింది కడుగునీళ్లల్లో, గంజిలో పోతుంది. తల్లి తిండిలో అది లేకపోతే పాలల్లోనూ ఉండదు. పిల్ల గుండె అలిసిపోతుంది. రేపటిదాకా ఆగితే దక్కకపోయేది."

"పైపొర అంటే?"

"తవుడు."

జానమ్మ తన కొంగు వైపు చూసుకుంది. వేళ్లతో దులపబోయి ఆగిపోయింది.

పొద్దు వాలుతుండగా పాప ఏడ్చింది. వార్డంతా తలతిప్పి చూసేటంత గట్టిగా. అందరూ నవ్వారు.

"డాక్టరమ్మా, నా కొడుకులకు గూడ గొంతు రాలే. పెద్దోడికి మూడు నెలలు, సిన్నోడికి రెండున్నర. గా పచ్చిపులుసు..."

జ్యోత్స్న ఆమె చెయ్యి పట్టుకుంది.

కోదాడ నుంచి అల్లుడు సాంసన్ వచ్చాడు. సుజాత తల్లి ముఖం చూడకుండా, పాప మీద గుడ్డ సర్దుతూ మెల్లగా అంది. "గీడికెల్లి కోదాడకే పోతనమ్మా. నువ్వేం అనుకోకు."

"పో బిడ్డా. పప్పు తిను."

జానమ్మ ఒక్కతే ఇంటికి వచ్చేసరికి ఇంకా కాస్త వెలుగుంది. నులకమంచం మీద దూది ముక్కలు రెండు. గడప అవతల, బర్రె ముందు, పొద్దున పోసిన గంజి తొట్టి, నాకి నాకి తోమినట్టు తళతళలాడుతోంది.