పెంకుల మీది ఆనపపాదు

తెల్లవారితే అప్పలనరసమ్మ కుళాయి దగ్గర బిందె పట్టేది, కుంపటి రాజేసేది, మొగుడు పాయింట్స్‌మన్ దానయ్య డ్యూటీకి వెళ్లేలోగా అతని అన్నం డబ్బా సర్దేది. మిగిలిన చెంబుడు నీళ్లు పెరట్లో ఆనపపాదుకు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఆ పాదు ఒక్కటే వంటింటి పెంకులెక్కింది.

ఆమె పొట్ట ఉబ్బిన ఏడాది పాదుకు ఒకే కాయ కాసి, పొట్టతో సమంగా పెరిగింది. ఇరుగుపొరుగు పొట్ట సంగతి అడగకుండా పెంకుల వైపు చూసి ఊరుకునేవారు. ఆస్పత్రిలో అండాశయం మీది గడ్డ కోసి తీసిన పూట కాయ తనంతట తనే రాలింది.

గడ్డ ముక్కను నాగపూర్ పంపి పరీక్ష చేయించిన డాక్టరమ్మ మొగుడూపెళ్లాలను కూర్చోబెట్టి చెప్పింది.

“ఇది రాచపుండు కాదు. అలాగని మంచి గడ్డా కాదు. పైపైన పెరుగుతుంది గాని లోపలికి వేళ్లు దించదు. చాలామందికి ఇంతటితో సరి. కొద్దిమందికి ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. వాళ్లలో ఏ ఒకరికో వేళ్లు దించే రకంగా మారుతుంది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో.”

అప్పలనరసమ్మ ఒకసారి వెళ్లింది. తర్వాత మానేసింది.

“ఆస్పత్రికి ఎల్లలేదేటి వదినా?” అంది పక్కింటి తాయారమ్మ.

“నానెల్తే మీ అన్నకి వండేదెవులు? నువ్వొండుతావా?”

“నా వంట తింటే ఆయనే ఆస్పత్రికెల్తాడు.”

ఇద్దరూ నవ్వారు. ఓర్పుగల మనిషని అందరూ మెచ్చుకున్నారు. అది ఓర్పు కాదు, అలసట. తన ఒంటికి తాను చేయవలసిన పని ఎగ్గొట్టడాన్ని మంచితనం అనకూడదు.

ఏటా వానలకు ముందు పెంకులు సర్దేటప్పుడు ఆమె పాదును దుప్పటిలా ఎత్తి పక్కకు వేసేది. గడ్డ తీసిన నాలుగో ఏడు ఎత్తబోతే రాలేదు. ఒక కణుపు దగ్గర వేరు పుట్టి గోడ సందులోకి దిగింది. లాగితే మట్టి పెళ్లలు రాలాయి. ఆమె పొట్ట తడుముకుంది. నొప్పి లేదు, ఉబ్బూ లేదు.

దానయ్య వచ్చి చూశాడు. కొడవలి తెచ్చాడు.

“కోసీస్తే పోద్ది,” అన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “కోసీస్తే మనకి తెలిసీదెలాగ? నాను రేపు ఆస్పత్రికెల్తాను. వంట నువ్వే సూసుకో.”

డాక్టరమ్మ వేళ్లకు పోకచెక్కంత గట్టి గడ్డ తగిలింది. మళ్లీ కోసింది. ఈసారి నాగపూర్ నుంచి వచ్చిన జవాబు వేరు. “వేళ్లు దించడం మొదలెట్టింది, ఇంకా దూరం పోలేదు,” అంది డాక్టరమ్మ. “నొప్పి వచ్చేదాకా ఆగుంటే నేను చేసేది ఏమీ ఉండేది కాదు.”

అప్పలనరసమ్మ ఇంటికొచ్చేసరికి వంటింట్లో మాడు వాసన. దానయ్య పాదుకు నీళ్లు పోస్తున్నాడు. ఆమె గోడ పట్టుకుని నడిచి, వేలాడుతున్న తీగ కింద చెయ్యి పెట్టింది. గోడలో వేరు ఎండి, పుల్లలా విరిగింది. పాదు దుప్పటిలా తేలిగ్గా లేచింది.

“మళ్లీ ఆర్నెల్లకి రమ్మంది,” అంది.

“ఎల్దాం. అంతలోకి అన్నం వొండడం నేర్సుకుంటాను.”

ఆమె లోపలికెళ్లి పడుకుంది. కుంపటి దగ్గరికి దానయ్యే వెళ్లాడు.