చదివి వినిపించగా

బందరులో జిల్లా కచేరీ ఎదురుగా ఉన్న జిరాక్సు, టైపింగు షాపుల వరసని ఏ సోమవారమైనా వెళ్ళి చూడండి. అది అర్జీల రోజు. దివిసీమ లంకల నుంచి, పెడన నుంచి, గుడివాడ పక్క పల్లెల నుంచి జనం మొదటి బస్సు పట్టుకుని వస్తారు. ప్రతివాళ్ళ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు కాగితాలు. రాయడం రానివాళ్ళు స్టూలు మీద కూర్చుని చెప్తారు, రాయడం వచ్చినవాళ్ళు టైపు చేసిస్తారు. చూసినవాళ్ళం ఎంత ఉపకారమో అనుకుని మన దారిన మనం పోతాం. ఆ కాగితంలో ఉన్నది వాళ్ళు చెప్పిన మాటేనా అని ఎవరమూ అడగం. చదవలేరు గనక వాళ్ళూ అడగరు.

ఆ వరసలో నాలుగో షాపు శోభనాద్రి గారిది. ముప్పయ్యేళ్ళు దస్తావేజులు రాసిన చెయ్యి ఆయనది. కళ్ళు మసకబారాక కంప్యూటరు ముందు తన మేనకోడలు తనూజని కూర్చోబెట్టారు. తనూజది గుడివాడ దగ్గర వరిచేలున్న రైతు కుటుంబం. తెలుగు ఎం.ఏ. పాసైంది. రచయిత్రి కావాలని ఆ పిల్ల కోరిక.

కోరికంటే మామూలు కోరిక కాదు. అప్పటికి ఏడు కథలు రాసి పంపింది. ఏడూ తిరిగొచ్చాయి. ఎందుకు తిరిగొచ్చాయా అని ఆలోచించి, తన మాటల్లో బరువు చాలడం లేదని తేల్చుకుంది. అంతే, ఒక నోటుబుక్కు కొని బరువైన మాటలన్నీ ఎక్కించడం మొదలుపెట్టింది. ప్రళయ భీకరం, అశ్రుధారలు, విధి వైపరీత్యం. వాళ్ళమ్మ అరుణకుమారి ఫోను చేసినప్పుడల్లా ఒకటే పోరు.

“ఆ కథలేం కూడు పెడతాయే తల్లీ? బ్యాంకు పరీక్షలకి చదువుకోవచ్చు కదా!”

“చూస్తూ ఉండమ్మా, నా పేరు అచ్చులో చూసి నువ్వే ఊరంతా చెప్పుకుంటావు” అనేది తనూజ.

మంచి పిల్లే. కష్టం వింటే కళ్ళలో నీళ్ళు తిరిగే పిల్లే. అయితే పూర్తిగా వినేదాకా ఆగే ఓపిక ఉండేది కాదు. చిక్కంతా అక్కడ వచ్చింది.

వైశాఖంలో ఒక సోమవారం అంకమ్మ వచ్చింది. నాగాయలంక అవతల సముద్రపొడ్డున ఉన్న పల్లెపాలెం ఆమెది. చేపల వేట మీద బతికే కుటుంబం. మొగుడు సత్తయ్య మాఘమాసంలో వేటకెళ్ళి తిరిగి రాలేదు. వేటలో పోయినవాడి భార్యకి ప్రభుత్వం ఇచ్చే పింఛను కోసం అర్జీ పెట్టుకోవాలి. ఆ రోజు శోభనాద్రి గారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. షాపులో తనూజ ఒక్కతే ఉంది. బయట ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు.

“చెప్పు అంకమ్మా, ఏం జరిగింది?”

“ఆ పొద్దున చద్దన్నం తిన్నాడండి. గుమ్మం దిగినోడు మళ్ళీ ఎనక్కొచ్చాడు, తువ్వాలు మర్చిపోయానని. ఎనక్కి రాకూడదయ్యా, కాసేపు కూకుని ఎల్లు అన్నాను. నవ్వాడు. సముద్రం చూస్తే చెరువులా పడుకునుంది…”

“అవన్నీ కాదమ్మా. ఎలా పోయాడో అది చెప్పు.”

“అదే చెప్తన్నానండి. మొగ కాడ పోటు తిరిగే ఏళకి…”

 అంకమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తనూజ మనసు కరిగిపోయింది, కాదనను. కానీ ఆ కరిగిన మనసే ఆమెని ముందుకి తోసింది. సముద్రం, పడవ, తిరిగి రాని మొగుడు! ఇక వేరే చెప్పాలా! వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. ‘ప్రళయ భీకరమైన తుఫానులో, నింగినంటే అలల నడుమ, కుటుంబం ఆకలి తీర్చడానికై ప్రాణాలకు తెగించి వేటకేగిన నా భర్త…’ అంకమ్మ ఇచ్చిన పోలీసు కాగితాన్ని విప్పి చూడకుండానే వెనక పిన్ను కొట్టింది. అడుగున ఎప్పుడూ ఉండే వాక్యం అలాగే ఉంది: ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేసిన వేలిముద్ర.’ చదవలేదు, వినిపించలేదు. అంకమ్మ మాత్రం చెప్పినచోట వేలు ఒత్తి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళింది.

ఆ పేరాని తనూజ తన నోటుబుక్కులోకి కూడా ఎత్తి రాసుకుంది. తను రాసినవాటిల్లోకెల్లా గొప్పది అదేనని ఆమె నమ్మకం.

ఐదు వారాలు తిరిగాక ఒక గురువారం మధ్యాహ్నం అంకమ్మ మళ్ళీ వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి కవరు ముందుకి చాపింది.

“అమ్మాయిగారూ, నా వల్ల పొరపాటైందండి.”

“ఏమైందమ్మా?”

“ఆఫీసులో అయ్యగారు అడిగారండి. పోలీసు కాగితంలో ఒకటుంది, అర్జీలో ఒకటుంది, ఏది నిజం అని. మాఘమాసంలో తుపానెక్కడిది అన్నారు. తుపానైతే రేవులో జెండా ఎత్తుంటారు కదా, అది చూసి కూడా వేటకెల్లాడంటే తప్పు మీ ఆయనదే కదా అన్నారు. వచ్చే సోమవారంలోగా సరైన కాగితం తేకపోతే ఫైలు కట్టేసి పక్కన పెట్టేస్తారంట. ఊళ్ళో కూడా తెలిసిపోయింది. సత్తయ్య తుపానని తెలిసీ పడవ దించాడా అని అడుగుతున్నారు.” అంకమ్మ చూపు నేల మీదే ఉంది. “ఏడుస్తా చెప్పాను కదండీ. నోరు జారి తుపాను అన్నానేమో. నాకు గుర్తులేదు. మిమ్మల్ని తిప్పలు పెడుతున్నాను.”

తనూజ పోలీసు కాగితం విప్పింది. మొదటిసారి చదివింది. సముద్రం ప్రశాంతంగా ఉంది. వల పడవ అడుగున తిరిగే ఇంజను ఫ్యానుకి చుట్టుకుంది. విడదీయడానికి నీళ్ళలోకి దిగాడు, మూడుసార్లు మునిగాడు. అంతే ఉంది అందులో.

అయ్యా, ఇప్పుడు ఆలోచించండి. ‘అవును అంకమ్మా, నువ్వే తుపాను అన్నావు’ అంటే అక్కడితో అయిపోయేది. ఆ మాట నమ్మడానికి అంకమ్మ సిద్ధంగా ఉంది. లోపలి కుర్చీలో ఉన్న శోభనాద్రి గారికి కూడా తెలిసేది కాదు. ఆ మాట తనూజ నాలుక చివరిదాకా వచ్చిందనే నాతో చెప్పింది. ఎదుటివాళ్ళ తప్పుని కూడా తనదే అనుకుని మోస్తున్న ఆ మనిషి మొహం చూశాక మాత్రం నోరు రాలేదట.

“నువ్వు అనలేదు పిన్నీ. నేనే రాశాను. బాగుంటుందని రాశాను” అంది. అని, బావురుమంది.

అంకమ్మ కంగారుపడిపోయింది. “అయ్యో, ఏడవకండి పాపగారూ! ఏడవకండి” అంటూ తన పైట కొంగుతోనే ఆ పిల్ల కళ్ళు తుడిచింది. ఎవరు ఎవరిని ఓదార్చాలి, ఎవరు ఓదారుస్తున్నారు!

అంకమ్మని బస్సెక్కించి వచ్చాక శోభనాద్రి గారు మేనకోడల్ని పిలిచారు. తిడతారేమోనని ఆ పిల్ల తల దించుకు నిలబడింది. ఆయన తిట్టలేదు.

“చదివి వినిపించగా అని టైపు చేశావు కదమ్మా. వినిపించావా?”

“లేదు మావయ్యా.”

“ముప్పయ్యేళ్ళలో నేను ఆ మాట ఊరికే రాయలేదు. అర సెంటు స్థలమైనా సరే, వేలిముద్ర వేసే మనిషికి రెండుసార్లు చదివి వినిపించేవాణ్ణి. మధ్యలో ఆపి, ‘అక్కడ వేపచెట్టు కాదు బాబూ, కానుగచెట్టు’ అనేవాళ్ళు. కొట్టేసి రాసేవాణ్ణి. వాళ్ళ స్థలం వాళ్ళకి తెలిసినట్టు నాకెట్లా తెలుస్తుంది? రేపు పొద్దున్నే నాగాయలంక వెళ్ళు. ఆ రోజు చూసినవాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా కాగితం బయటికి తియ్యకు.”

మర్నాడు తనూజ అవనిగడ్డ మీదుగా వెళ్ళి పల్లెపాలెంలో దిగేసరికి ఎండెక్కింది. సత్తయ్యతో ఆ రోజు పడవలో ఉన్న వాసు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఈమె ఎవరో తెలియగానే చేతిలో వల కింద పడేశాడు.

“తుపాన్లో పడవ దించామని రాసింది మీరేనా? ఆకాశం చూడకుండా సత్తయ్య మావ ఏ రోజైనా తాడు విప్పాడా? జెండా ఎత్తితే మమ్మల్ని కూడా కదలనిచ్చేవాడు కాదు. అట్టాంటి మనిషిని తెలివితక్కువోణ్ణి చేసి పెట్టారు!”

“తప్పు చేశానండి. జరిగింది చెప్పండి, మధ్యలో మాట్లాడను” అంది తనూజ.

మాట్లాడలేదు కూడా. వాసు కోపమంతా చెప్పనిచ్చింది. కోపం చల్లారాక మెల్లగా అసలు సంగతి వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోటు తిరిగి నీరు సముద్రంలోకి లాగే వేళ, వల ఫ్యానుకి చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. వాసు దిగుతానంటే సత్తయ్య వద్దన్నాడు. ‘నీకు చంటిపిల్లుందిరా, నువ్వుండు’ అని తనే కత్తి తీసుకుని దిగాడు. వల తెగింది, ఫ్యాను విడింది. సత్తయ్యని మాత్రం ఆ నీటి లాగుడు పైకి రానివ్వలేదు. అది చెప్పి వాసు సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.  అతనంతట అతను ఇటు తిరిగేదాకా తనూజ కాగితం బయటికి తియ్యలేదు.

ఇంతకన్నా పెద్ద అల ఏ తుఫానులో లేస్తుంది చెప్పండి! అంకమ్మ మొదటి రోజే చెప్పబోయింది, ‘మొగ కాడ పోటు తిరిగే ఏళకి’ అని. మన పిల్లే వినలేదు.

తిరిగొచ్చి ఆ అర్జీని తనూజ నాలుగుసార్లు రాసింది. రాసినప్పుడల్లా శోభనాద్రి గారికి చదివింది. ఒకచోట ఆయన చెయ్యి ఎత్తారు.

“విధివశాత్తు అన్నావు. ఇది అంకమ్మ మాటా, వాసు మాటా?”

“నా మాటే.”

“అయితే తీసెయ్యి.”

తీసేసింది. చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చింది: ‘మొదటి అర్జీలో తుఫాను అని ఉన్నది అర్జీదారు చెప్పిన మాట కాదు. రాసిన నా తప్పు.’ కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. తన పేరు గొప్పగా అచ్చులో చూడాలనుకున్న పిల్ల, ముందుగా తన తప్పు కింద రాసుకోవలసి వచ్చింది. అయితేనేం, ఆ సంతకం తడుముకోకుండానే పెట్టింది.

సోమవారం అంకమ్మని స్టూలు మీద కాదు, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. బయట జనం ఉన్నా సరే, మొదటినుంచీ నెమ్మదిగా చదివింది. ‘రెండుసార్లు మునిగి లేచి, వల చాలావరకు కోసి…’ అనగానే అంకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“రెండు మార్లు లేచాడని రాయండి పాపగారూ. మునిగింది మూడు మార్లు. మూడోసారే రాలేదు.”

తనూజ పోలీసు కాగితం చూసింది. మూడుసార్లే. దిద్ది, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి చివరిదాకా విని అంకమ్మ కళ్ళు మూసుకుంది.

“ఇప్పుడు మా ఆయన లాగుందండి” అంది. అప్పుడు వేలిముద్ర వేసింది.

తనూజ కూడా ఆమె వెంట ఆఫీసులోకి వెళ్ళి, తప్పు తనదని గుమస్తా గారి ఎదుట చెప్పింది. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివి, ఫైల్లో కలిపారు. శ్రావణమాసంలో పింఛను ఉత్తర్వు వచ్చింది. వాసు దాన్నీ, కొత్త అర్జీ నకలునీ ఊళ్ళో పదిమందికీ చదివి వినిపించాడట. పింఛను వచ్చిన సంతోషం కంటే, సత్తయ్య గాలీ నీరూ ఎరిగినవాడని నలుగురూ మళ్ళీ అనుకున్నందుకే అంకమ్మ ఎక్కువ సంతోషించింది.

ఆ సంగతి చెప్పడానికి ఎండుచేపల పొట్లం పట్టుకుని షాపుకి వచ్చిన రోజున తనూజ ఆమెని కదలనివ్వలేదు.

“పిన్నీ, ఒక కథ రాశాను. నువ్వు వినాలి. నువ్వు ఊఁ అంటేనే పంపుతాను.”

అర్జీలో చోటు చాలనివన్నీ ఆ కథలో ఉన్నాయి. గుమ్మం దిగినవాడు తువ్వాలు కోసం వెనక్కి రావడం, కాసేపు కూర్చుని వెళ్ళమంటే నవ్వడం. బరువైన మాట ఒక్కటీ లేదు. వింటూ వింటూ అంకమ్మ ఒకచోట నవ్వింది, ఒకచోట ఏడ్చింది. చద్దన్నం దగ్గర మాత్రం ఆపింది.

“ఉల్లిపాయ నంజుకున్నాడని రాశారు. ఆ పొద్దున ఉల్లిపాయ లేదమ్మా ఇంట్లో. పచ్చిమిరపకాయ ఇచ్చాను. కారం అని నా మీద కోప్పడ్డాడు కూడా.”

ఆమె తనని ‘అమ్మా’ అని పిలవడం అదే మొదటిసారి. తనూజ ఉల్లిపాయ కొట్టేసి పచ్చిమిరపకాయ రాసింది. కొట్టేస్తున్నందుకు ఆ పిల్లకి ఇదివరకటిలా ప్రాణం ఉసూరుమనలేదు. సంతోషమే వేసింది.

ఆ కథ అచ్చయిందా అని మీరు అడుగుతారు. పంపి పది రోజులే అయింది, ఇంకా జవాబు రాలేదు. తిరిగొస్తే మళ్ళీ రాస్తానంటోంది తనూజ. పాత నోటుబుక్కులో బరువైన మాటలు రాసుకున్న పేజీల వెనక వైపున ఇప్పుడు జనం చెప్పిన మాటలు, వాళ్ళు చెప్పినట్టే, రాసుకుంటోంది.

ఈ సంగతంతా విని, రచయితలు కావాలనుకునే పిల్లలు ఈమధ్య ఒకరిద్దరు ఆ షాపుకి వస్తున్నారు, ఏం చదవాలి, ఎలా రాయాలి అని అడుగుతూ. శోభనాద్రి గారు వాళ్ళకి టీ ఇప్పించి, కుర్చీ చూపించి, ఒకటే చెప్తారు: “ఎవరి గురించి రాశావో వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించు నాయనా. వాళ్ళు కాదన్నచోట కొట్టేసే మనసు నీకుంటే, రాయడం అదే వస్తుంది.”