తోకెత్తి చూడని గుర్రం

ఏటా గుర్రప్పందేలు జరిగే నాదామ్ పండుగ పొద్దున, పందేలు ఇంకా మొదలుకాకముందే, గుర్రాల ఎత్తు చూసే కొలకర్ర దగ్గర కొట్లాట మొదలైంది. కొత్త నిబంధన మరి! పైదేశాల రక్తం కలిసిన గుర్రం తాలూకా పందేల్లో పరిగెత్తకూడదనీ, మూపు దగ్గర కొలిస్తే ఎర్రగీత దాటినదల్లా సంకరమేననీ ఈ వసంతంలో పందేల కమిటీ తీర్మానించింది. మన గడ్డ గుర్రాల్లో పొడుగువి పుట్టవా ఏం? పుడతాయి. ఆ సంగతి కర్రకు ఎవరు చెప్పాలి? ఉయాచ్‌లు, అంటే గుర్రాలను సాకి పందేనికి సిద్ధం చేసేవాళ్ళు, తమ గుర్రాలను వెనక్కి నడిపించుకుపోతూ కమిటీవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతున్నారు.

చుల్తెమ్ మాత్రం నిబ్బరంగా వరసలో నిలబడ్డాడు. ఆయనకేం భయం? ఆ నిబంధన కావాలని సభలో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే. ఎత్తి ఊరుకున్నాడా, పెద్ద ఉపన్యాసం కూడా దంచాడు. డబ్బున్నవాళ్ళు పొడుగుకాళ్ళ గుర్రాలను తెప్పించి మన ఆడగుర్రాల మీద వదులుతున్నారని, ఇలాగే ఊరుకుంటే గిట్టతో మంచు తవ్వి గడ్డి తినే గుర్రం ఈ మైదానంలో మిగలదని గొంతు చించుకున్నాడు. "నా మందలో ఈ గడ్డ రక్తం తప్ప ఒక్క చుక్క వేరేది లేదు. కావాలంటే వచ్చి చూసుకోండి!" అని రొమ్ము చరుచుకున్నాడు.

అవి ఉత్త గొప్పలు కావు. ఆ బూడిదరంగు గుర్రాల వరస ఆయన తాత నాటిది. కొండల అవతలి నుంచి కూడా జనం ఆడగుర్రాలను తోలుకొచ్చి, ఆయన మందలో చూలు కట్టించుకుని పోతారు. ఇప్పుడు పగ్గాన ఉన్న మగగుర్రమే ఆ వరసకి పెద్ద దిక్కు. నేలంతా గడ్డకట్టి పశువులకు మేత అందని మంచు కరువు వచ్చిన ఏడాది దీని తండ్రి, ముసలి బూడిదది, చలికాలమంతా ఎముకల గూడై, పచ్చగడ్డి మొలిచే వేళకి కన్నుమూసింది. దాని మగపిల్లలన్నీ ఆ మంచులోనే పోయాయి. మరుసటి వసంతంలో ఇది పుట్టింది. "పోతూ పోతూ మా ముసలోడు నాకు బిడ్డనిచ్చి పోయాడు" అని చుల్తెమ్ ఆ పిల్లను కంబళిలో చుట్టి గుడారంలో తన పక్కనే పడుకోబెట్టుకున్నాడు. ఈ పండుగ కోసం దాన్ని పొట్ట తగ్గేలా మాడ్చి, పరిగెత్తించి, చెక్కతో చెమట గీకి తీసి, బిడ్డకంటే ఎక్కువగా చూసుకున్నాడు. నిన్న తీసిన చెమట నీళ్ళలా పల్చగా, ఉప్పు తగలకుండా వచ్చింది. ఆ రుచి నాలుక మీద పడితే, గుర్రం పందేనికి సిద్ధమైందని ఉయాచ్‌కి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

కొలకర్ర పట్టుకున్నది పశువుల డాక్టరు. పక్కన కుర్చీలో కమిటీ అధ్యక్షుడు యదామ్. అందరికీ అధ్యక్షుడేమోగానీ చుల్తెమ్‌కి మాత్రం కాదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గుర్రం మీద ఎక్కి తిరిగారు. మంచు కరువులో యదామ్ బీళ్ళన్నీ గడ్డకట్టుకుపోతే, చావగా మిగిలిన పశువులను తోలుకుని చుల్తెమ్ ఇంటికే వచ్చాడు. వేసవి దాకా అక్కడే ఉండి, ఒకే కుండలో తిన్నాడు. అలాంటివాడు కొలకర్ర పక్కన కూర్చున్నాడంటే ఇంట్లోవాడు కూర్చున్నట్టే కదా.

డాక్టరు అడ్డపట్టీని కిందికి జరిపాడు. ఎర్రగీత దాకా దిగకుండానే అది గుర్రం మూపుకి తగిలి ఆగిపోయింది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అక్కడే ఆగింది. గీతకి రెండు వేళ్ళ పైన.

"దాటిందండీ," అన్నాడు డాక్టరు మొహమాటంగా.

యదామ్ గుర్రం వంక చూడలేదు, చుల్తెమ్ వంకా చూడలేదు. "దాటితే సంకరమే. పక్కకు తియ్యండి. తర్వాత ఎవరు?"

చుల్తెమ్‌కి ముందు నవ్వొచ్చింది. "ఒరేయ్ యదామ్, వేళాకోళమా? ఇది ఎవరి బిడ్డో నీకు తెలీదూ?"

"నిబంధన నిబంధనే చుల్తెమ్. చెయ్యెత్తింది నువ్వేగా."

"నేను చెయ్యెత్తింది సంకర గుర్రాల మీదరా! నా గుర్రం మీద కాదు!"

జనం గొల్లుమన్నారు. పొద్దున్నే తన గుర్రాన్ని తిప్పి పంపేస్తే మూతి ముడుచుకుని కూర్చున్న గొంచిగ్ అనే కుర్ర ఉయాచ్‌కి ప్రాణం లేచొచ్చింది. "అన్నా, ఎత్తిన చెయ్యి ఇంక దించుకో! మా గుర్రాలప్పుడు తియ్యగా ఉంది, నీ గుర్రం దగ్గరికొచ్చేసరికి చేదైందా?"

"నువ్వు నోర్మూసుకో గొంచిగ్!"

"ఏమయ్యా, అరవకు. గుర్రం బెదురుతోంది," అంది పగ్గం పట్టుకున్న ఆయన భార్య దుల్మా. "మెల్లగా చెప్పు. యదామన్న పరాయివాడా ఏంటి?"

మెల్లగా ఎలా చెబుతాడు? ఈ పందెం పోతే పోనీ, వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది. కానీ మైకులో ఒక్కసారి "చుల్తెమ్ బూడిదరంగు గుర్రం, సంకరం" అని చదివారంటే ఆ పేరు మందకంతా అంటుకుంటుంది. గడిచిన ఏళ్ళలో పుట్టిన పిల్లలన్నీ దీని పిల్లలే. ఇక ఆ గుమ్మంలోకి ఎవడూ ఆడగుర్రాన్ని తోలుకురాడు. తాత పేరు, తండ్రి పేరు, తన పేరు ఒక్కసారే మట్టిలో కలుస్తాయి. ఆ ఊహకే చుల్తెమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"డాక్టరు బాబూ, దీని జూలు పీకు! కుదుళ్ళతో సహా పీకి రాజధానికి పంపు. రక్తం ఎక్కడిదో చెప్పే యంత్రాలున్నాయటగా అక్కడ! చుక్క తేడా ఉందని తేలితే, ఇదిగో ఇంతమంది ముందు చెబుతున్నా, ఈ జన్మలో మళ్ళీ గుర్రాన్ని పందేనికి కట్టను. లేదని తేలితే మాత్రం, ఈ అధ్యక్షుడు నా గుడారానికి నడిచొచ్చి గుర్రానికి దండం పెట్టాలి!"

ఈలలు మోగాయి. యదామ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీలోంచి లేచి, చుల్తెమ్ మోచెయ్యి పట్టుకుని, గుర్రాలను తెచ్చిన లారీ వెనక్కి లాక్కుపోయాడు.

"ఆ మాట వెనక్కి తీసుకో," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకు తీసుకోవాలి? పంపేది నా గుర్రం జూలు. భయం నీకెందుకు?"

"పంపితే మునిగేది నువ్వేరా! చెప్పింది విను. నేల ఎగుడుదిగుడుగా ఉందని చెప్పి, చదునైన చోట మళ్ళీ కొలిపిస్తా. ఈలోగా గిట్టలు అడుగంటా చెక్కెయ్. కాస్త ముందుకి వంగేలా నిలబెట్టు. గీత కిందికి వచ్చేస్తుంది. నీ గుర్రం పరిగెడుతుంది, గెలుస్తుంది. గొడవే లేదు."

"శుద్ధమైన గుర్రానికి దొంగచాటుగా గిట్టలు చెక్కాల్సిన ఖర్మ నాకేం పట్టింది?"

యదామ్ సిగరెట్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. "శుద్ధం కాదు కాబట్టే చెబుతున్నా."

చుల్తెమ్‌కి ఆ మాట బుర్రకెక్కలేదు.

"కరువు ఏడాది నీ మందలో నాదొక ఎర్ర గుర్రాన్ని వదిలాను. పొట్టిది. గుర్తుందా?"

"విత్తులు కొట్టించానన్నావు కదా దానికి."

"ఒకటే కొట్టారు. రెండోది పైన గజ్జల్లోనే ఉండిపోయింది, దిగలేదు. తోకెత్తి, చెయ్యిపెట్టి చూస్తే తప్ప తేడా తెలీదు." సిగరెట్ వెలిగించుకున్నాడు. "దాని తండ్రి పైదేశపు గుర్రం."

చుల్తెమ్ లారీ చక్రాన్ని పట్టుకున్నాడు. స్నేహితుడు తన గుర్రానికి విత్తులు కొట్టించానంటే, వెనక్కి వెళ్ళి తోకెత్తి చూసేవాడు ఆ మైదానంలో ఉండడు. అలా చూడటమంటే నువ్వు అబద్ధాలకోరువని మొహం మీద అన్నట్టే. ఆ ఎర్రది ఆడగుర్రాల చుట్టూ ఊరికే తిరుగుతుంటే దుల్మా అననే అంది, ఒకసారి చూడకూడదూ అని. "యదామ్ మాటనే అనుమానిస్తావా? సిగ్గులేదూ!" అని తనే కసిరాడు. పాపం, ఆవిడ ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

"నీకు... అప్పుడే తెలుసా?"

"తెలుసు. నీ ఆడగుర్రాల ఊపిరికి ఆ పైదేశపు కాళ్ళు తోడైతే ఏం పుడుతుందో చూద్దామనిపించింది. నిన్నడిగితే ఒప్పుకుంటావా? చంపినా ఒప్పుకోవు."

"మరి నీ నల్లగుర్రం?"

ఆ నల్లది కూడా ఆ వసంతంలోనే, ఈ మందలోనే పుట్టింది. కరువును కలిసి ఈదామన్న ప్రేమకొద్దీ, మెడలో నీలం పట్టు కండువా కట్టి చుల్తెమే దాన్ని యదామ్‌కి కానుకగా ఇచ్చాడు. అది గెలిచిన పందేలే యదామ్‌ని ఆ కుర్చీ దాకా తీసుకొచ్చాయి. ఇవాళ పొద్దున అందరికంటే ముందు ఎర్రగీత కింద నుంచి దర్జాగా నడిచివెళ్ళింది కూడా అదే.

"అదీ అంతే," అన్నాడు యదామ్. "అది పొట్టిదైంది, నీది పొడుగైంది."

"అంత తెలిసీ ఈ నిబంధన పెట్టావా?"

"పెట్టకపోతే డబ్బున్నవాళ్ళ గుర్రాల ముందు నాది నిలబడుతుందా? నువ్వూ నిజమనుకుని సభలో మాట్లాడావు చూడు, దాంతో పని తేలికైపోయింది."

చెంప పగలగొట్టాల్సిన మాట అది. చెయ్యి లేవలేదు. చుల్తెమ్ అడగాలనుకున్నది ఇంకొకటుంది.

"ఇది పుట్టిన రోజు నా గుడారానికొచ్చావు. దీని నుదురు ముద్దుపెట్టుకుని, ముసలోడి కళ్ళే వచ్చాయిరా అన్నావు. నేను పసివాడిలా ఏడిస్తే నా వీపు నిమిరావు. అప్పుడు కూడా తెలుసా?"

యదామ్ పొగ వదిలాడు. "తెలుసు. ఏదో బుద్ధి గడ్డితిని చేశాను, ఇప్పుడవన్నీ తవ్వుకోవడమెందుకు? నువ్వు నోరు మూసుకో, నేనూ మూసుకుంటా. నీ పేరుకీ ముప్పు లేదు, నా పేరుకీ ముప్పు లేదు."

చుల్తెమ్ లారీ చక్రాన్ని వదిలేశాడు. వీడి కోసం పొయ్యిలో పిడకలు ఆరనివ్వకుండా చలికాలమంతా కాపలా కాశాడే! వీడు నా అన్నకంటే ఎక్కువని ఊరంతా చెప్పుకున్నాడే! ఇన్నేళ్ళూ ముసలోడి బిడ్డ, ముసలోడి బిడ్డ అని నెత్తిన పెట్టుకున్నది వీడు చేసిన మోసాన్నా? ముసలోడి వరస ఆ మంచులోనే అంతరించిపోయిందని ఇవాళ, ఇక్కడ, వీడి నోటి వెంట వినాలా?

చుల్తెమ్ కొలకర్ర దగ్గరికి తిరిగి వచ్చాడు. యదామ్ వెనకాలే వచ్చి మైకు అందుకుని, నేల ఎగుడుదిగుడుగా ఉన్నందున చుల్తెమ్ గుర్రాన్ని మళ్ళీ కొలుస్తామని అప్పుడే చదివేస్తున్నాడు.

"కొలవక్కర్లేదు," అన్నాడు చుల్తెమ్. బూడిదరంగు గుర్రం జూలు కొంత వేలికి చుట్టి, కుదుళ్ళతో సహా పీకి డాక్టరు చేతిలో పెట్టాడు. "ఇది సంకరమే. నేనే చెబుతున్నా."

దుల్మా పగ్గం వదిలేసింది. "ఏమయ్యా! నీకేమైంది?"

ఆయన ఆగలేదు. నేరుగా వెళ్ళి యదామ్ నల్లగుర్రం జూలు కూడా పీకాడు. అది ఉలిక్కిపడి పక్కకు గెంతింది.

"చుల్తెమ్! ఏం చేస్తున్నావురా! పిచ్చెక్కిందా!" యదామ్ అరుపు మైకులో మైదానమంతా వినబడింది.

"ఇదీ పంపు డాక్టరు బాబూ. రెండూ ఒక తండ్రి బిడ్డలే. నా మందలోనే పుట్టాయి. ఆ తండ్రిని, విత్తులు కొట్టించానని చెప్పి, నా ఇంటికి తెచ్చింది అధ్యక్షుడు గారే. కావాలంటే ఇక్కడే ఉన్నారు, అడగండి."

ఎవరూ అడగక్కర్లేకపోయింది. యదామ్ మైకు కింద పెట్టి, అంగీ నడికట్టు సర్దుకుంటూ నిలబడిపోయాడు. అంతవరకు నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు.

"అంటే, మన ముసలోడి బిడ్డ కాదా ఇది?" అంది దుల్మా.

"కాదు. ముసలోడికి మగబిడ్డ మిగల్లేదు," అన్నాడు చుల్తెమ్.

గొంచిగ్ జనంలోంచి ముందుకొచ్చాడు. ఈసారి వెటకారం లేదు. "అన్నా, ఈ వసంతంలో మా గోధుమరంగు దాన్ని నీ దాని దగ్గరే వదిలి తీసుకెళ్ళాను. మా నాన్న ఆఖరున ఇచ్చిన ఆడగుర్రం అది. చూలుతో ఉందిప్పుడు. నేను నిన్నేమీ అడగలేదు. చుల్తెమన్న గుర్రం కదా, అడగడమేంటి అనుకున్నా."

"నాకు తెలీదురా గొంచిగ్. ఒట్టు, నాకు తెలీదు."

గొంచిగ్ ఆయన కళ్ళలోకి చూశాడు. నమ్మాలా వద్దా అని తేల్చుకోలేక చాలాసేపు అలాగే చూశాడు. చుల్తెమ్‌ని అలా చూసిన మనిషి ఆ రోజు దాకా ఆ మైదానంలో ఒక్కడూ లేడు.