చెయ్యెత్తేలోపు

మా ఇసోమురా ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు సీజన్ మొదలుపెట్టిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఐదు మ్యాచ్‌లు ఆడి పదకొండు గోల్స్ తిన్నాం. ముందు వరస వాళ్ళు చలిలో చెమటలు కక్కి ఒకటి కొట్టుకొస్తే, వెనక వరస వాళ్ళు తీరిగ్గా రెండు ఇచ్చి పంపేవారు.

ఆ వెనక వరసకి కోచ్‌ని నేనే. ససమోరి నా పేరు. వరి పండించే ఇంట్లో పుట్టాను, కాలేజీకి వెళ్ళి పుస్తకం కన్నా బంతి ఎక్కువ చదివాను. ఆడినన్నాళ్ళు ఓ మోస్తరుగా ఆడి, మోకాలు చెడ్డాక ఈ పనిలో పడ్డాను.

సోమవారం పొద్దున్నే మేనేజర్ నిషివాకీ గదికి పిలిచాడు. ఆయనది ఒసాకా. మనసులో ఉన్న మాట ఎక్కడా ఆగకుండా నోట్లోకి వచ్చేస్తుంది.

"ససమోరి గారూ, మీ వెనక వరసని గోడ అనుకున్నానండీ. తడిక అని ముందే చెప్పొచ్చుగా?"

"తడికైనా కుక్కల్ని ఆపుతుంది సార్."

"అదే నా ఏడుపు. మనది అదీ ఆపట్లేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తరవాత ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. నవ్వే మాట కాదని అప్పుడే తెలిసింది.

"తోగాషి సంగతి తేల్చాలి. ముప్పై అయిదు దాటాయి, కాళ్ళలో పస అయిపోయిందని ఊరంతా అంటోంది. డైరెక్టర్లు పెద్ద క్లబ్బు నుంచి ఒకణ్ణి ఈ సీజనుకి ఇమ్మని అడిగి ఉంచారు. ఆటగాళ్ళ మార్పిడికి గడువు దగ్గర పడింది. మీరు ఆ గోల్స్ అన్నీ కూర్చుని చూసి, తోగాషి ఉండాలా పోవాలా చెప్పండి. పొమ్మంటే ఇంకేం అడగను. ఉంచమంటే మాత్రం ఎందుకో చెప్పాలి."

"పోవడమంటే బెంచీ మీదకేగా?"

"ఆ వయసువాడు మార్చిలో బెంచీ ఎక్కితే డిసెంబరుకి ఎక్కడ కూర్చుంటాడు? ఇంట్లో. మీకు తెలీదా ఏంటి?"

తెలుసు.

తోగాషి మా జట్టు కెప్టెన్, వెనక వరసలో నడిమి వాడు. ఈ ఊరి రేవులోనే పుట్టాడు, వాళ్ళ నాన్నది స్క్విడ్లు పట్టే పడవ. వాడు నాకు చేసిన మేలు ఒకటుంది. నేను కోచ్‌గా వచ్చిన కొత్తలో నా మాట ఎవడూ లెక్కచేసేవాడు కాదు. అప్పుడు తోగాషి రోజూ అందరి ముందూ చేతులు కట్టుకు నిలబడి, "కోచ్ గారూ, ఇలాంటప్పుడు ఎటు జరగాలంటారు?" అని అడిగేవాడు. ఎటు జరగాలో వాడికి నాకన్నా బాగా తెలుసు. కెప్టెనే అడుగుతున్నాడంటే ఈయన దగ్గర ఏదో సరుకుందని మిగతావాళ్ళూ వినడం మొదలుపెట్టారు. ఆ సంగతి వాడెప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు వాడి మీద తీర్పు చెప్పమంటే, ఆ మేలు నా కళ్ళకి అడ్డం పడుతుందేమోనని భయపడ్డాను.

మధ్యాహ్నం వీడియో గదిలో కూర్చున్నాను. పక్కన రెండు అన్నం ముద్దలు, ముల్లంగి ఊరగాయ. మొదట గోల్స్ చూశాను. ఊరు అంటున్నదే నిజమనిపించింది. ప్రతిసారీ ఎవడో తోగాషిని దాటి పోతున్నాడు, వీడు వాడి వెనకాల మంచులో బండి లాగుతున్నట్టు పరిగెడుతున్నాడు.

కానీ పొలం గట్టు కారుతుంటే నీళ్ళు బయటికొచ్చే చోట మట్టి కొట్టి లాభం లేదని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. లోపలికి ఎక్కడ దిగుతున్నాయో చూడాలి. గోల్ వదిలేసి, దానికి ముందు జరిగింది చూడటం మొదలుపెట్టాను.

తోగాషి పక్కన ఆడేవాడు కన్నో. ఈ ఏడే యూనివర్సిటీ జట్టు నుంచి వచ్చాడు. తోగాషి చదివిన హైస్కూల్లోనే చదివాడు, చిన్నప్పుడు గోడకి తోగాషి ఫొటో అంటించుకున్నవాడు. మంచి ఆటగాడు. ఎప్పుడో ఒకసారి పాస్ కాస్త పక్కకి పోతుంది. అందరికీ పోతుంది. పోగానే కన్నో ఏం చేస్తున్నాడంటే, తోగాషి వైపు తిరిగి, చెయ్యెత్తి, తల వంచి, "తప్పైంది అన్నా" అంటున్నాడు.

అప్పుడు తోగాషి ఏం చేస్తున్నాడు? వాడూ చెయ్యెత్తి, "పర్లేదురా, పర్లేదు" అంటున్నాడు.

చేతులు రెండూ పైన. కాళ్ళు నాలుగూ నేలలో పాతినట్టు. బంతి మాత్రం ఎవరి క్షమాపణా వినకుండా పోతోంది. గుమ్మం దగ్గర 'మీరు ముందు', 'అబ్బే, మీరే ముందు' అనుకుంటూ నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషుల మధ్య నుంచి దొంగ ఇంట్లోకి దూరినట్టుంది.

అన్నీ వెనక్కి తిప్పి చూశాను. కార్నర్ నుంచి వచ్చినవీ, పెనాల్టీలూ పక్కనపెడితే, మిగిలినవన్నీ ఈ మర్యాద కథే. తోగాషి నెమ్మదిగా పరిగెడుతున్నాడన్నది నిజమే. కానీ నిరుడూ ఇంతే నెమ్మది. నిరుడు వాడి పక్కన బ్రెజిల్ నుంచి వచ్చిన ఎడిల్సన్ ఆడేవాడు. తప్పు తనదైనా తోగాషినే తిట్టేవాడు, తిడుతూనే పరిగెత్తేవాడు. తిట్టేవాడికి చెయ్యెత్తి జవాబు చెప్పే పని లేదు గనక తోగాషీ పరిగెత్తేవాడు. ఆ ఏడు మా గోల్ ముందు చీమ దూరలేదు.

మర్నాడు మేనేజర్‌కి చూపించాను. మొదటిది చూసి ఊరుకున్నాడు. రెండోది చూసి ముక్కు గోక్కున్నాడు. నాలుగోదానికి బల్ల మీద తల పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు.

"ఇది మా ఒసాకాలో జరగదండీ! అక్కడైతే ఇద్దరూ కొట్టుకుంటుంటే గోల్ పడేది." కళ్ళు తుడుచుకుని, వెంటనే తేల్చేశాడు. "అయితే రోగం కుర్రాడిదన్నమాట. ముందు చెయ్యెత్తేది వాడేగా. కన్నోని కూర్చోబెడదాం, కొత్తవాణ్ణి తోగాషి పక్కన పెడదాం. మీ తోగాషి బతికిపోయాడు, సంతోషమేనా?"

సంతోషం ఎక్కడిది? ఒకణ్ణి గట్టెక్కించబోయి ఇంకొకణ్ణి నీళ్ళలోకి నెట్టినట్టయింది.

బుధవారం పొద్దున్న మైదానం మీద మళ్ళీ మంచు పడి ఉంది. మాది పెద్ద క్లబ్బు కాదు. మంచు పడితే కోచ్‌లూ ఆటగాళ్ళూ కలిసే పారలు పట్టుకోవాలి. తోగాషి నా పక్కకొచ్చి ఎత్తిపోస్తున్నాడు. దాచడం చేతకాక అంతా చెప్పేశాను. మేనేజర్ అడిగింది, వీడియోలో కనిపించింది, కన్నోని తీసేస్తారన్నది, అన్నీ.

వాడు పార మంచులో గుచ్చి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. అది చలికి కాదు.

"కోచ్ గారూ, ఒక మాట చెప్తా, నవ్వకూడదు."

"చెప్పవోయ్."

"వాడు చెయ్యెత్తడం వాడి తప్పు కాదు. యూనివర్సిటీ జట్టులో చిన్నవాళ్ళు తుమ్మినా క్షమాపణ చెప్పాలి, నేనూ చెప్పాను. తప్పు నాది. ఎడిల్సన్ దగ్గర ఏళ్ళ తరబడి తిట్లు తిన్నానా, ఆ తరవాత ఒకడొచ్చి అంత భక్తిగా చెయ్యెత్తి 'అన్నా' అంటుంటే... బావుందండీ." తల దించుకున్నాడు. "వాడు ఎత్తుతాడని నేనే ముందు తిరిగి చూస్తున్నా. బంతి పోతోందని తెలిసీ చూస్తున్నా."

నాకు నవ్వు రాలేదు. ఆటగాళ్ళ నోట కాళ్ళ నొప్పులూ, రిఫరీ తప్పులూ చాలా విన్నాను గానీ, ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు.

"మరిప్పుడు ఏం చేద్దాం?"

"శనివారం మ్యాచ్‌లో మా ఇద్దర్నీ ఉంచండి. నేను వాడి వైపు చూడను. చూడనివాడికి ఎంతసేపని చెయ్యెత్తుతాడు?"

"వాడికి చెప్పి చెయ్యొచ్చుగా? లేకపోతే కోపమొచ్చిందనుకుంటాడు."

"చెప్తే, చెప్పించుకున్నందుకు క్షమాపణ మొదలెడతాడు. మీకు తెలీదు వాడి సంగతి."

పారలు గోడకి ఆనించి ఇద్దరం మేనేజర్ గదికి వెళ్ళాం. తోగాషి చెప్పిందంతా విని నిషివాకీ అన్నాడు, "శనివారం మళ్ళీ ఆ చేతుల పండగ జరిగితే ఒకడు బయటికి పోతాడు. ఎవడో నేనే చెప్తా."

"మీరు చెప్పక్కర్లేదు సార్. నేనే పోతాను. కన్నో ఉంటాడు."

నిషివాకీ కిటికీలోంచి మైదానం చూపించి, "సరే పో. మంచు సగంలో వదిలేసి వచ్చారు ఇద్దరూ" అన్నాడు.

శనివారం సముద్రం మీంచి చెంప పగిలే గాలి. వచ్చింది కుమఓకా జట్టు. వాళ్ళ ముందు వరసలో ఇద్దరు కుందేళ్ళలాంటి వాళ్ళున్నారు. మా తోగాషి నెమ్మది కాళ్ళనే గురిపెట్టి వచ్చారని ఆట మొదలైన కాసేపటికే తెలిసింది. నేను బెంచీ ముందు నిలబడ్డాను.

అనుకున్నట్టే అయింది. కన్నో పాస్ పక్కకి పోయింది, కుందేలు అందుకుంది. కన్నో అలవాటుగా అటు తిరిగి చెయ్యెత్తాడు. అటువైపు తోగాషి ముఖం లేదు, వీపు ఉంది. అప్పటికే గోల్ వైపు పరిగెడుతోంది ఆ వీపు. దారిలో ఎవరికో నమస్కారం పెడితే వాళ్ళు చూడకుండా వెళ్ళిపోయినప్పుడు మనం ఏం చేస్తాం? కన్నో కూడా అదే చేశాడు. లేచిన చేత్తో చెవి గోక్కున్నాడు. గోక్కుని, పరిగెత్తాడు.

తోగాషి వేగంగా వెళ్ళలేదు. ముందుగా బయల్దేరాడు, అంతే. కుందేలు తన్నేసరికి ఆ దారిలో వీడి కాలు ఉంది. బంతి బయటికి పోయింది. నా పక్కన నిషివాకీ ఏదో గొణిగాడు. తిట్టో మెచ్చుకోలో ఒసాకా వాళ్ళలో చెప్పడం కష్టం.

కన్నో ముఖం మాత్రం చూడలేకపోయాను. అన్నకి కోపమొచ్చిందని నమ్మేశాడు. ఆ బాధతో ఇంకా గట్టిగా ఆడాడు, ఇంకోసారి చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది, ఆ తరవాత రాలేదు. రెండో సగంలో మా వాళ్ళు ఒక గోల్ కొట్టారు. స్టాండ్‌లో డోలు ఆగకుండా మోగుతోంది.

ఆట అయిపోవచ్చింది. అప్పుడు తప్పు చేసింది తోగాషి. ఎత్తుగా వచ్చిన బంతిని తలతో కొట్టబోతే గాలి దాన్ని లాగేసింది. బంతి వాడి వెనకాల పడింది, రెండో కుందేలు ఒంటరిగా గోల్ వైపు మళ్ళింది. ఆ క్షణంలో తోగాషి కన్నో వైపు తిరిగాడు. నా రెండు కళ్ళతో చూశాను, వాడి చెయ్యి లేచింది. మూడు రోజుల కిందట మంచులో నిలబడి ఒట్టేసినంత పని చేసినవాడి చెయ్యి, 'తప్పైందిరా' అంటూ భుజం దాకా లేచింది.

కన్నో చూడలేదు. అక్కడ లేనే లేడు. అన్న తల బంతిని తప్పినప్పుడే బయల్దేరిపోయి, బురదలో పక్కకి జారుతూ వెళ్ళి, కుందేలు కాలి ముందు నుంచి బంతిని ఊడ్చేశాడు. అది వెళ్ళి మా బెంచీకి కొట్టుకుంది.

విజిల్ పడ్డాక అందరూ వరసగా నిలబడి స్టాండ్‌కి వంగి దణ్ణం పెట్టారు. తిరిగొస్తుంటే కన్నో తోగాషి వెనకాలే వచ్చాడు. ఒళ్ళంతా బురద, కళ్ళలో నీళ్ళు.

"అన్నా, నా మీద కోపమా? ఆటంతా ఒక్కసారి కూడా చూళ్ళేదు నా వైపు."

"నువ్వు చూశావా నన్ను, చివర్లో? చెయ్యెత్తి నిలబడ్డా, పిచ్చోడిలా."

"అయ్యో! చూళ్ళేదన్నా, తప్పైం..."

"నోర్ముయ్!" అన్నాడు తోగాషి.

కన్నో జట్టులోకి వచ్చాక వాడు కసరడం అదే మొదలు. తోగాషి వాడి బురద మెడ చుట్టూ చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు చూడలేదు గనకే ఇవాళ నేను ఇంకా ఈ చొక్కాలో ఉన్నా. చాలా థాంక్స్‌రా. ఇంటికి పద, మా ఆవిడ చేపల పులుసు పెట్టింది. అక్కడ ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకుందాం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం."

కన్నోకి ఏమీ అర్థం కాలేదు. అయినా నవ్వాడు.

నిషివాకీ అప్పటికే ఫోన్‌లో డైరెక్టర్లతో మాట్లాడుతున్నాడు. "ఆ కొత్తవాణ్ణి వాళ్ళ క్లబ్బులోనే ఉండనివ్వండి సార్. ఇక్కడ చలి, పాపం జలుబు చేస్తుంది... అవును. ఇద్దరూ ఉంటారు." ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఒకటి చెప్పండి ససమోరి గారూ. తోగాషి అంటే మీకు ప్రాణమని నాకు తెలుసు. వాణ్ణి ఉంచడానికి ఏదో ఒక కారణం వెతుక్కొస్తారనే అనుకున్నా."

"అదే వెతికాను సార్. నిజంగా ఉంది. అది నా అదృష్టం."

ఆయన నా భుజం మీద ఒక దెబ్బ వేసి వెళ్ళిపోయాడు. నేను ఖాళీ అవుతున్న స్టాండ్ ముందు ఒక్కణ్ణే నిలబడి, టోపీ తీసి, ఇంకోసారి వంగి దణ్ణం పెట్టాను. అక్కడ జెండా మడత పెడుతున్న ముసలాయన ఒకడే మిగిలాడు. తనకే అనుకుని ఆయనా వంగాడు. తనకే అనుకోనిచ్చాను.